ఎవరి పని ఎవరి ఖాతాలో

ఒక పనికి ఎంతసేపు పట్టిందో గోడ గడియారం చెప్పేస్తుంది. అందులో పనిచేసింది ఎంతసేపు, చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది ఎంతసేపు అన్నది మాత్రం దానికి తెలీదు. నా ఉద్యోగమంతా ఆ రెండో లెక్క తేల్చడమే. సముద్రాల అవతల ఒక మెయిన్‌ఫ్రేమ్ మీద రాత్రంతా నడిచే డేటాబేస్ ప్రోగ్రాములు ఒక్కొక్కటీ ఎంత సీపీయూ తిన్నాయో, ఎక్కడెక్కడ ఆగాయో, ఎవరి కోసం ఆగాయో ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో ఒక మేడగదిలో కూర్చుని చూస్తుంటాను. అక్కడ రాత్రి బ్యాచ్ మొదలయ్యేసరికి ఇక్కడ తెల్లవారుతుంది. కింద కూరగాయలవాళ్లు బుట్టలు దింపుకుంటూ ఉంటారు. ఐఐటీ గేటు వైపు సైకిళ్లు కదులుతూ ఉంటాయి.

ఈ పేటకు ఒకవైపు ఐఐటీ. ఇంకోవైపు కొంతదూరం వెళ్తే రైల్వే కాలనీలు, నూరేళ్లు దాటిన కార్ఖానా. నేను ఆ కార్ఖానా వైపు నుంచి వచ్చినవాణ్ణి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పనికి వచ్చి ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. సీపీయూ టైము విషయంలో నాకున్న పట్టుదల సగం ఆ ఇంటి నుంచే వచ్చింది. ఆ సంగతికి వస్తాను.

ముందు ఒక జాబ్ సంగతి. ఒక బీమా కంపెనీలో ప్రీమియం బకాయిలు లెక్కకట్టే రాత్రి జాబ్ అది. రోజూ ఆలస్యమవుతోంది, దాని వెనక ఉన్న జాబులన్నీ వెనక్కి జరిగిపోతున్నాయి. ప్రోగ్రాం పాతది, కోబాల్‌లో రాసింది, కాబట్టి తప్పు దానిదేనని అందరూ ముందే తీర్మానించుకున్నారు. తిరగరాయడానికి మనుషుల్ని కూడా చూశారు. నన్ను అడిగింది ఎంత తగ్గించగలరో చెప్పమని. అక్కడి డేటాబేస్ డీబీ2 అకౌంటింగ్ రిపోర్టు తీశాను. మొత్తం పట్టిన సమయం 42 నిమిషాలు. అందులో సీపీయూ మీద ఉన్నది 3 నిమిషాలు. డిస్కు నుంచి డేటా రావడానికి ఆగింది 6 నిమిషాలు. లాకుల కోసం ఆగింది 31 నిమిషాలు. మిగిలిన 2 నిమిషాలు ఏ పద్దులోకీ రాలేదు.

అంటే ఎంత గొప్ప ప్రోగ్రామర్ వచ్చి దాన్ని రెండింతలు చురుగ్గా చేసినా మిగిలేది నిమిషంన్నర. నెలల తరబడి ఒక బృందం కష్టపడి, పరీక్షలు చేసి, సెలవు రోజున దాన్ని ఎక్కించి, మర్నాడు చూసుకుంటే జాబ్ దాదాపు అంతే ఆలస్యంగా ముగిసి ఉండేది. ఆ 31 నిమిషాలు ఎవరివి అంటే, అదే వేళకు అదే టేబుల్ మీద నడిచే ఇంకో జాబ్‌వి. అది పది వేల రికార్డులు మార్చాక గాని కమిట్ చేసేది కాదు, అంటే ఆ మార్పుల్ని ఖాయం చేసేది కాదు. అంతసేపూ ఆ రికార్డుల మీది లాకులు దాని గుప్పిట్లో ఉండేవి. మన ప్రోగ్రాం ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగేది, టైమవుట్ దాకా రాకముందే దారి దొరికేది, మళ్లీ ఆగేది. ఏ ఒక్క ఆగడమూ ఎర్రర్‌గా కనపడలేదు. అందుకే ఎవరి కంటా పడలేదు. రెండో జాబ్‌లో కమిట్ ఐదు వందలకోసారి వచ్చేలా మార్చారు. కోబాల్ ప్రోగ్రాంలో అక్షరం కూడా మారలేదు.

ఈ వృత్తిలో ఇలాంటివి తరచూ చూస్తాం. అయినా ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. పనిచేసిన మూడు నిమిషాల్ని వదిలేసి, నిలబెట్టిన ముప్ఫై ఒక్క నిమిషాల్ని నిలబడినవాడి నెత్తిన రుద్దడం ఎంత సులువుగా జరిగిపోతుందో!

సీపీయూ టైము అనే లెక్క అసలు పుట్టిందే ఈ అన్యాయం జరక్కుండా చూడటానికి. తొలి కంప్యూటర్లలో దాని అవసరం లేదు. ఒకసారికి ఒకే పని. యంత్రం ఎక్కిన వేళ, దిగిన వేళ రాసుకుంటే చాలు, అద్దె లెక్క అయిపోయేది. 1960లలో మన రైల్వే జోన్ల కేంద్ర కార్యాలయాల్లో జీతాలు, జమాఖర్చులు, సరుకు రవాణా గణాంకాలు వేసిన ఐబీఎం 1401లు అలాంటివే. ఒక కార్డుల కట్ట లోపలికి పోతే, అది బయటికొచ్చేదాకా యంత్రం దానిదే. తర్వాత యంత్రాలు వేగం పుంజుకున్నాయి, కార్డు రీడర్లు, టేపులు వాటిని అందుకోలేకపోయాయి. కోట్ల ఖరీదు చేసే ప్రాసెసర్ ఒక టేపు తిరగడం కోసం ఖాళీగా కూర్చోవడం చూడలేక, ఒక పని ఆగినప్పుడు ఇంకో పనిని ఎక్కించే పద్ధతి తెచ్చారు. 1961లో ఎంఐటీలో కోర్బటో బృందం ఒకే యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకునేలా చేసి చూపించింది. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం సిస్టం/360ని ప్రకటించింది, కొన్నేళ్లలో దాని మీద పదిహేను పనులు పక్కపక్కన నడిచే ఆపరేటింగ్ సిస్టం వచ్చింది. అప్పుడు కొత్త తగువు మొదలైంది. నలుగురూ ఒకే యంత్రం మీద ఉంటే గోడ గడియారంతో ఎవరికి ఎంత అద్దె వేస్తారు? నిన్న పది నిమిషాల్లో అయిన నా పనికి ఇవాళ పక్కవాడి రద్దీ వల్ల ఇరవై నిమిషాలు పడితే, రెట్టింపు డబ్బు నేనెందుకు కట్టాలి? ప్రాసెసర్ నా కోసం ఎంతసేపు పనిచేసిందో అంతే రాయండి అన్నారు వాడుకునేవాళ్లు. న్యాయమైన మాటే.

కానీ దాన్ని కొలవడానికి వాళ్ల చేతిలో ఉన్న సాధనం ఎంత మోటుదో! సిస్టం/360 మెమరీలో 80వ అడ్రసు దగ్గర ఒక పదం ఉండేది. కరెంటు తీగలోని తరంగం ఒక్కొక్కసారి ఊగినప్పుడల్లా దానిలోంచి కొంత తీసేసేవారు. అమెరికాలో సెకనుకు 60 ఊపులు, కాబట్టి ప్రతిసారీ 5 తగ్గేది. మన దేశంలోలాగా 50 ఊపులున్న చోట 6 తగ్గేది. ఎక్కడైనా సెకనుకు 300 చొప్పునే తరిగేలా కుదిర్చిన ఏర్పాటు అది. పేరుకు అంత సూక్ష్మమైన లెక్క, నిజానికి మాత్రం 50 ఊపుల చోట ఇరవై మిల్లీసెకన్లకోసారే అంకె కదిలేది. ఆ ఇరవై మిల్లీసెకన్ల మధ్యలో ఎవరైనా వచ్చి పని చేసుకుని వెళ్లిపోతే వాళ్ల ఖాతాలో సున్నా. అంకె కదిలే క్షణంలో ఎవరు ప్రాసెసర్ మీద ఉంటే మొత్తం వాళ్ల ఖాతాకే. సగటున సరిపోతుందిలే అనుకోవాలి. సగటు మీద ఆధారపడ్డ న్యాయం ఒక్క మనిషికి జరిగే న్యాయం కాదు కదా.

1970లలో సిస్టం/370తో సీపీయూ టైమర్ అని వేరే వచ్చింది. నేటికీ అదే సూత్రం. 64 బిట్ల సంఖ్య, వెనక్కి లెక్కపెడుతూ పోతుంది. మైక్రోసెకనులో నాలుగు వేల తొంభై ఆరో వంతు దాకా రాసుకునే చోటు అందులో ఉంది. ఒక పనికి ప్రాసెసర్ దొరికినప్పుడు టైమర్ అంకె గుర్తుపెట్టుకుంటారు. దిగిపోయినప్పుడు మళ్లీ చూసి, తేడా ఆ పని ఖాతాలో వేస్తారు. దిగి ఎదురుచూస్తున్నంతసేపూ దాని ఖాతా కదలదు. జాబ్ అంతా ముగిశాక ఎస్ఎంఎఫ్ అనే సిస్టం రికార్డుల్లోకి ఆ మొత్తం ఎక్కుతుంది. నేను పొద్దున్నే తెరిచేది వాటినే.

మెయిన్‌ఫ్రేమ్ ఈ తేడాను ఎంత గట్టిగా పట్టుకుందో చెప్పడానికి రెండు ఎర్రర్ కోడ్లు చాలు. జాబ్ కార్డులో ఇన్ని నిమిషాలని టైము రాస్తే అది సీపీయూ టైమే. దాటితే ఎస్322తో జాబ్ పడిపోతుంది. అదే, పనేమీ చేయకుండా మరీ ఎక్కువసేపు నిలబడిపోతే ఎస్522. మొదటిదానికి నువ్వు బాధ్యుడివి, రెండోదానికి ముందు నిన్ను ఎవరు నిలబెట్టారో చూడాలి. యాభై ఏళ్లు దాటిన ఈ విభజన కన్నా శుభ్రమైనది నాకు ఇంకే వ్యవస్థలోనూ కనిపించలేదు.

ఒక్కచోట కనిపించింది. అది మా నాన్న పనిచేసిన కార్ఖానా.

నాన్న వ్యాగన్ షాపులో ఫిట్టరు. రైల్వే వర్క్‌షాపుల్లో ఇన్సెంటివ్ స్కీము అని ఒకటుంది. 1950లలో చిత్తరంజన్ లోకోమోటివ్ వర్క్స్‌లో మొదలై మిగతా వర్క్‌షాపులకు పాకింది. ప్రతి పనికీ ఇంత సమయమని రేట్ ఫిక్సరు ముందే కట్టి ఉంచుతాడు. అంతకన్నా తక్కువలో ముగిస్తే మిగిలిన సమయానికి పైసలు. ఇందుకోసం మనిషికి రెండు కార్డులు. గేటు కార్డు మీద లోపలికి వచ్చిన వేళ, వెళ్లిన వేళ పడతాయి. జాబ్ కార్డు మీద ఏ పని, ఎంత సమయం ఇచ్చారు, ఎంత పట్టింది రాస్తారు. క్రేను రాలేదు, కరెంటు పోయింది, సామాను స్టోర్సు నుంచి అందలేదు అంటే ఆ సమయాన్ని ఖాళీ సమయం కార్డులో వేరుగా, కారణంతో సహా రాయాలి. నాన్న గుంపులో కొందరికి ఇది విసుగు. క్రేను కోసం గంట కూర్చున్నా, ఎవడు పోయి రాయించుకుంటాడని జాబ్ కార్డులోనే కలిపేసేవారు. నాన్న ఊరుకునేవాడు కాదు. చార్జ్‌మన్ వెనకాలే తిరిగి సంతకం పెట్టించుకునేవాడు.

ఇంటికొచ్చి అమ్మతో అనేవాడు: "పని సేసినప్పుడు పని అని రాయాల. కూకోబెట్టినప్పుడు కూకోబెట్టారని రాయాల. రెండూ కలిపేసి రాసుకుంటే మనమే మనకి దొంగలెక్క రాసుకున్నట్టు."

డబ్బు కోసమే అనుకునేవాణ్ణి. డబ్బు కోసం కూడా. కానీ ఆ ఖాళీ సమయం కార్డులు పోగయ్యాయి కాబట్టే క్రేనుకు ఎంతమంది ఎంతసేపు ఆగుతున్నారో పైవాళ్లకు కాగితం మీద కనిపించింది. జాబ్ కార్డుల్లో కలిసిపోయి ఉంటే, వ్యాగన్ షాపు వాళ్లు మందకొడి మనుషులు అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ కనిపించేది కాదు.

గడియారం పట్టుకుని శ్రమను కొలవడానికి మంచి పేరేమీ లేదు. 1880లలో అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ స్టాప్‌వాచీతో ఉక్కు కార్మికుల కదలికలు కొలవడం మొదలుపెట్టాడు. 1911లో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోత పనివాళ్లు తమ నెత్తి మీద స్టాప్‌వాచీ పెట్టడాన్ని సహించలేక పని ఆపి బయటికి నడిచారు. విచారణలు జరిగాయి, చివరికి ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో స్టాప్‌వాచీ వాడకుండా అమెరికా కాంగ్రెస్ నిధులకే షరతు పెట్టింది. నా మనసు ఆ పోత పనివాళ్ల వైపే. వాళ్లు వద్దన్నది కొలతను కాదు, తాము చూడలేని కొలతను. వాచీ వాళ్ల చేతిలో లేదు, ఏది కలిపారో ఏది తీసేశారో వాళ్లకు చెప్పలేదు. నాన్న చేతిలో మాత్రం కార్డు ఉండేది. దాని మీద తనే రాసుకునేవాడు, కాదన్నవాణ్ణి నిలదీసేవాడు. ఆ తేడా చిన్నది కాదు.

ప్రోగ్రాముకు అలసట లేదు, అవమానం లేదు, నిజమే. కానీ దాన్ని రాసిన మనిషికి ఉంటుంది. రివ్యూలో తెర మీద పడే ఆ అంకె కింద ఆ మనిషి పేరే ఉంటుంది. అందుకే నేను ఏ రిపోర్టు పంపినా ముందు దాన్ని రాసినవాళ్లకు పంపి, వాళ్లు చూశాకే పైకి పంపుతాను. దీని వల్ల ఒక రోజు ఆలస్యమవుతుందని అన్నవాళ్లున్నారు. అవనివ్వండి.

ఇక డేటాబేస్ దగ్గరికి వస్తే ఈ లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. మామూలు ఫైలు చదివే ప్రోగ్రాం తన పని చాలావరకు తనే చేసుకుంటుంది. డేటాబేస్ ప్రోగ్రాం అడుగుతుంది, చేసేది ఇంకొకరు. 1960లలో అపోలో కార్యక్రమం కోసం పుట్టిన ఐఎంఎస్ అయినా, 1983లో ఐబీఎం ప్రకటించిన డీబీ2 అయినా అంతే. మరి చేసినదాని ఖర్చు ఎవరికి?

డీబీ2 దీనికి చెప్పే సమాధానం నాకు నచ్చుతుంది. ఎస్‌క్యూఎల్ వాక్యం దగ్గరికి రాగానే ప్రోగ్రాం తన టాస్కుతోనే డీబీ2 లోపలికి అడుగుపెడుతుంది, ఆ నడిచే కోడ్ డీబీ2దే అయినా గడియారం మాత్రం ప్రోగ్రాంది. నీ కోసం జరిగిన పని నీ ఖాతాకే. అకౌంటింగ్ రికార్డులో దీన్ని మూడు తరగతులుగా రాస్తారు. మొదటి తరగతిలో మొత్తం, కోబాల్ లోపల గడిపిందీ డీబీ2 లోపల గడిపిందీ కలిపి. రెండో తరగతిలో డీబీ2 లోపల గడిపింది మాత్రమే. మూడో తరగతిలో డీబీ2 లోపల ఆగిపోయిన సమయం, దేని కోసం ఆగిందో వేర్వేరు పద్దులుగా: లాకు, డిస్కు, లాగ్ రాయడం, ఇంకా చాలా. ఈ మూడో తరగతి ట్రేస్ ఆన్ చేయకపోతే ఆగిన సమయం ఎందుకు ఆగిందో తెలిసే దారి లేదు. దానికి కొంచెం సీపీయూ ఖర్చవుతుంది, ఆ మాట నిజం. ఆ ఖర్చుకు భయపడి ఆపేసిన చోట్లు చూశాను. ఖాళీ సమయం కార్డులు అచ్చువేయడానికి కాగితం ఖర్చని మానేసినట్టే అది.

అయితే అంతా ప్రోగ్రాం టాస్కు మీదే జరగదు. ముందు ముందు కావాల్సి వస్తాయని డీబీ2 కొన్ని పేజీల్ని ముందే చదివి పెడుతుంది. మారిన పేజీల్ని తర్వాత ఎప్పుడో డిస్కుకు రాస్తుంది. లాకుల వ్యవహారం చూసే అడ్రస్ స్పేస్ వేరే, లాగ్ చూసేది వేరే. ఇవన్నీ ఎవరో ఒక ప్రోగ్రాం కోసం జరిగేవే, కానీ వాటి సీపీయూ డీబీ2 సొంత ఖాతాల్లో పడుతుంది. ఒక ప్రోగ్రాం లక్ష పేజీలు వరసగా ఊడ్చేస్తే, దాని అకౌంటింగ్ రికార్డులో కనిపించే సీపీయూ నిజమైన ఖర్చు కన్నా తక్కువ. పైగా 2010లో వచ్చిన డీబీ2 10 నుంచి ఈ ముందస్తు చదువులు జిప్ అనే వేరే ప్రాసెసర్ల మీదికి వెళ్లగలవు, వాటికి సాఫ్ట్‌వేర్ అద్దె లెక్కించరు. బిల్లు తగ్గుతుంది, మంచిదే. పని మాత్రం తగ్గలేదు. ఆ రెండూ ఒకటేనన్నట్టు రాసే రిపోర్టుల మీద నేను సంతకం పెట్టను.

మొదటి తరగతి సీపీయూలోంచి రెండో తరగతి సీపీయూ తీసేస్తే మిగిలేది కోబాల్ సొంతది. ఈ తీసివేత ఒక్కటి వచ్చినవాడికి సగం రోగాలు తెలిసిపోతాయి. నేను ఎక్కువగా చూసే రోగం ఒకటుంది. టేబుల్‌లో ఉన్న పాలసీలన్నింటినీ కర్సర్‌తో ఒక్కొక్కటీ బయటికి తెచ్చుకుంటారు. తెచ్చాక కోబాల్‌లో ఇఫ్ పెట్టి, ఈ రాష్ట్రానివి కాదు, ఈ నెలవి కాదు అని పడేస్తారు. ఆ షరతు వేర్ క్లాజ్‌లో రాసి ఉంటే ఆ వరసలు డీబీ2 గడప దాటేవే కావు. ప్రతి వరసా గడప దాటడానికి ఖర్చుంది, ప్రతి గడి ప్రోగ్రాం వేరియబుల్‌లోకి మారడానికి ఖర్చుంది. పదింటిలో తొమ్మిదిని పడేయడానికే తెచ్చుకుంటుంటే రెండు తరగతుల సీపీయూ కూడా ఉబ్బిపోతుంది. ఇలాంటప్పుడు మాత్రం తప్పు ప్రోగ్రాందే. ఆ మాట నేను మొహమాటం లేకుండా రాస్తాను, ఎందుకంటే లాకుల నింద దాని మీద పడకుండా అడ్డుపడ్డ వాడికే ఆ మాట అనే హక్కుంటుంది.

ఇది రాసినవాళ్లకు తెలివి లేక కాదు. 1990ల చివర్లో 2000 సంవత్సరం సమస్య ముంచుకొస్తున్నప్పుడు వేలమంది తెలుగు పిల్లలు అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఇరుకు గదుల్లో జేసీఎల్, కోబాల్, సీఐసీఎస్, డీబీ2 నేర్చుకున్నారు. నేనూ ఖరగ్‌పూర్‌లో ఫలక్‌నుమా ఎక్కి అక్కడికే వెళ్లాను. కొద్ది నెలల్లో ప్రోగ్రాం రాయడం వచ్చింది, నడపడం వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ప్రోగ్రాం ఎంత ఖర్చుతో నడుస్తోందో చూడమని చెప్పే తీరిక ఎవరికీ లేదు. కంపెనీల్లో చేరాక కూడా ఎస్ఎంఎఫ్ రికార్డులు సిస్టమ్స్ వాళ్ల గదిలో ఉండేవి, ప్రోగ్రాములు రాసేవాళ్లకు అనుమతి ఉండేది కాదు. చాలాచోట్ల ఇప్పటికీ లేదు. తన జాబ్ కార్డు తనకు చూపించని షాపులో పని చేసినట్టే కదా. ఇరవై ఏళ్లుగా డీబీ2 రాస్తున్నవాళ్లు, తమ ప్రోగ్రాం రెండో తరగతి సీపీయూ ఎంతో ఒక్కసారి కూడా చూడనివాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. వాళ్లకు చూపించగానే మర్నాటికి వేర్ క్లాజ్ సర్దుకుని వస్తారు. ఎవరూ బలవంతపెట్టక్కర్లేదు.

యాజమాన్యాలకు ఈ లెక్క మీద ఆసక్తి బిల్లు వల్ల పుట్టింది. ఐబీఎం సాఫ్ట్‌వేర్ అద్దె చాలాకాలం ఒక పద్ధతిలో కట్టేవారు: యంత్రం వాడకాన్ని నాలుగు గంటల సగటుగా జరుపుకుంటూ పోయి, నెల మొత్తంలో ఆ సగటు ఎక్కడ శిఖరం తాకిందో ఆ అంకెకు. అంటే నెలలో ఒక్క రాత్రి, ఒక్క నాలుగు గంటలు. ఆ శిఖరంలో లేని జాబ్‌ను ఎంత పిండినా రూపాయి మిగలదు, శిఖరంలో ఉన్నదాన్ని రెండు గంటలు పక్కకు జరిపితే చాలు. దాంతో, ఎక్కువ పని చేసే ప్రోగ్రాం ఏది అన్న ప్రశ్న వెనక్కిపోయి ఖరీదైన వేళలో పని చేసే ప్రోగ్రాం ఏది అన్నది ముందుకొచ్చింది. 2019 నుంచి వేరే ఒప్పందాలు కూడా వచ్చాయి, ఈ పద్ధతి మెల్లగా మారుతోంది. బిల్లు కోసమే కొలిచేవాళ్లు బిల్లు పద్ధతి మారగానే కొలవడం మానేస్తారన్నది నా భయం.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఇంత సూక్ష్మమైన టైమర్ ఉన్నా, అదే ప్రోగ్రాం అదే డేటా మీద రెండుసార్లు నడిపితే రెండుసార్లూ ఒకే సీపీయూ టైము రాదు. మెమరీ నుంచి డేటా వచ్చేదాకా ప్రాసెసర్ ఖాళీగా ఉన్న క్షణాలు కూడా సీపీయూ టైములోనే పడతాయి, ఎందుకంటే టాస్కు దిగలేదు, ప్రాసెసర్ మీదే ఉంది. పక్కన ఉన్న పనులు క్యాష్‌ను ఆక్రమిస్తే మన డేటా దూరం నుంచి రావాలి, అదే సూచనలకు ఎక్కువ సమయం పడుతుంది. రద్దీ రాత్రి అంకె ఒకలా ఉంటుంది, ఆదివారం అంకె ఒకలా. పక్కవాడి ప్రభావం లేకుండా కొలవాలని కనిపెట్టిన లెక్కలోకి పక్కవాడు ఆ దారిన మళ్లీ వచ్చి చేరాడు. ఎస్ఎంఎఫ్ 113 రికార్డుల్లో ప్రాసెసర్ లోపలి కౌంటర్లు చూసి దీన్ని కొంతవరకు విడదీయొచ్చు. కాబట్టి ఒక్కసారి నడిపి, మార్పు వల్ల నాలుగు శాతం తగ్గిందని ప్రకటించేవాళ్లను నేను నమ్మను. చాలా రాత్రుల లెక్క తీసి, తక్కువ ఇంత, ఎక్కువ ఇంత అని రాయాలి. అలా రాస్తే స్పష్టత లేదంటారు. ఉన్నది ఉన్నట్టు రాయడమే స్పష్టత.

మా పాత క్వార్టర్స్ వైపు నుంచి ఒక అమ్మాయి సాయంత్రాలు ఇక్కడికొచ్చి ఈ రిపోర్టులు చదవడం నేర్చుకుంటోంది. వాళ్ల నాన్న కూడా రైల్వేనే. నమూనా కోసం ఒక జాబ్ ఇచ్చాను, తరగతులన్నీ విడదీసి తెచ్చింది. రెండో తరగతి మొత్తం సమయంలోంచి సీపీయూ తీసేసింది, మూడో తరగతి ఆగుడు పద్దులన్నీ తీసేసింది. ఇంకా పంతొమ్మిది నిమిషాలు మిగిలిపోయాయి.

"బాబాయ్, ఇది పనీ కాదు, ఆగిందీ కాదు. మరి ఎవలి ఖాతాలోకి ఎల్తాది?" అంది.

ఆ పద్దును రిపోర్టులో లెక్కలోకి రాని సమయమని వేరే వరసగా చూపిస్తారు. చాలామంది దాన్ని దాటి చదువుతారు. డీబీ2కి తెలిసినంతవరకు ప్రోగ్రాం దేని కోసమూ ఆగలేదు, లోపలే సిద్ధంగా ఉంది. కానీ ప్రాసెసర్ మీదా లేదు. అంటే డీబీ2 చూపు చేరని చోట, దాని బయట, నిలబడి ఉంది. ఎక్కువసార్లు కారణం ఒకటే: ప్రాసెసర్ కోసం క్యూ. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టం జెడ్ఓఎస్‌లో ఏ పనికి ముందు దారివ్వాలో నిర్ణయించేది వర్క్‌లోడ్ మేనేజర్. అది మనుషులు రాసిన ప్రాధాన్యాల ప్రకారం నడుస్తుంది.

ఇద్దరం కలిసి యంత్రం పనితీరు చూపే ఆర్ఎంఎఫ్ రిపోర్టులో ఆ వేళ తెరిచాం. ఆ జాబ్ ఉన్న సర్వీస్ క్లాస్ అన్నింటికన్నా అడుగున ఉంది, సీపీయూ కోసం ఎదురుచూపు గీత ఆ వేళంతా నిండుగా ఉంది. ఎవరో ఎప్పుడో, అది పెద్ద ముఖ్యమైన జాబ్ కాదని, ఆ వరసలో పెట్టారు. తర్వాత దాని మీద మరో మూడు జాబులు ఆధారపడ్డాయి, ప్రాధాన్యం మాత్రం ఎవరూ మార్చలేదు. ఆమె ఆ పంతొమ్మిది నిమిషాల పక్కన ఆ సర్వీస్ క్లాస్ పేరు, వేళ, ఎదురుచూపు శాతం రాసి, కెపాసిటీ వాళ్లకు పంపాల్సిన కాగితం తయారుచేసింది. ప్రోగ్రాం రాసినవాళ్లకు ఒక నకలు వెళ్లాలని పైన తనే రాసుకుంది. కెపాసిటీ వాళ్లు ఒప్పుకున్నారు. వచ్చే నెల మొదటి ఆదివారం ఆ జాబ్‌ను పై తరగతికి మారుస్తున్నారు, సోమవారం రికార్డులు తీసి మళ్లీ చూడాలి.